వత్తు దగ్గర ఆగండి: విశాఖలో దుకాణాల బోర్డులు చూడడం ఎలా

విశాఖలో దుకాణాల బోర్డుల మీది రాత చూడాలన్న సరదా ఉంటే, ముందు మీ చూపును అక్షరం మధ్యలోంచి తీసి దాని పైకీ కిందికీ మళ్ళించండి. తెలుగు రాతలో అసలు పనంతా అక్కడే ఉంటుంది. ఇంగ్లీషు పెద్దక్షరాలు అన్నీ ఒకే ఎత్తులో వరసగా నిలబడిపోతాయి. మనవాటికి అలా కుదరదు. పైన తలకట్టు, గుడి, ఏత్వం ఉంటాయి. కింద వత్తులు, క్రారావడి (ర వత్తు) వేలాడుతుంటాయి. అంటే మూడంతస్తుల వ్యవహారం. రాసేవాడి దగ్గర ఉండేది మాత్రం కొలిచి కోసిన ఒక్క రేకు. అందులో ఈ మూడంతస్తులూ ఎలా సర్దాడన్నదే మనం చూడాల్సింది. రంగులు, లైట్లు, బొమ్మలు తర్వాత.

ఇందుకు కోర్సులేమీ చేయక్కర్లేదు. ఫోన్, నడవడానికి పనికొచ్చే చెప్పులు, కొంచెం మొండితనం ఉంటే చాలు.

ఎక్కడ మొదలుపెట్టాలి

వన్‌టౌన్‌లో మొదలుపెట్టండి. కురుపాం మార్కెట్ దగ్గర దిగి, మెయిన్ రోడ్డు పట్టుకుని పూర్ణా మార్కెట్ వైపు, అక్కణ్ణుంచి జగదాంబ, డాబా గార్డెన్స్ మీదుగా ద్వారకానగర్ దాకా రండి. ఒక్క పూటలో అంతా చూసేయాలని పంతం పెట్టుకోవద్దు. పాత ఊరి నుంచి కొత్త ఊరికి రావడం వల్ల ఒక లాభం ఉంది. సిమెంటుతో పోసిన అక్షరాలు, రేకు మీద ఎనామిల్, ఫ్లెక్స్, ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్) షీటు మీద ఎల్ఈడీ... ఈ వరస దాదాపు అదే క్రమంలో ఎదురవుతుంది. మెయిన్ రోడ్డులో పాత మేడలు కనిపిస్తే పిట్టగోడ వైపు తలెత్తండి. కింద కొట్టు పేరు ఎన్నిసార్లు మారినా, పైన కట్టించినవారి పేరూ, కట్టిన సంవత్సరమూ సిమెంటులో అలాగే ఉండిపోయిన మేడలు ఉంటాయి.

పొద్దున్నే, షట్టర్లు లేవకముందే వెళ్ళండి. షట్టర్ల మీద రాసినవి కొట్టు మూసి ఉన్నప్పుడే కనబడతాయి. పైగా రోడ్డుకు అవతలి వైపు నిలబడి తాపీగా చూడొచ్చు. పది దాటితే ఆ సందుల్లో ఆటోలు మిమ్మల్ని నిలబడనివ్వవు. వెలుతురు సంగతి కూడా అంతే. తూర్పు ముఖం బోర్డుల మీద పొద్దున ఎండ నేరుగా పడి, బ్రష్ ఆనవాళ్ళు తేటగా తెలుస్తాయి. మెరిసే ఏసీపీ బోర్డులను మధ్యాహ్నం చూడబోతే కళ్ళు జిగేల్‌మంటాయి తప్ప ఇంకేమీ కనబడదు.

రెండు అక్షరాలు ఎంచుకోండి

అన్నీ ఒకేసారి చూడబోతే ఏదీ కనబడదు. ఒకటో రెండో అక్షరాలు పట్టుకుని ఊరంతా వాటినే వెతకండి. విశాఖకైతే నా సలహా 'శ్రీ', 'క్ష్మి'. శ్రీ లేని కొట్టు ఎలాగూ తక్కువ. ఇక బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారు ఉన్న ఊరు కాబట్టి మహాలక్ష్మి పేరు కిరాణా నుంచి బంగారం కొట్ల దాకా కనిపిస్తుంది.

'శ్రీ'లో చూడాల్సింది క్రారావడి. కొందరు దాన్ని ఎడమ నుంచి ఎత్తుకుని శ కిందుగా ఒక్క ఊపున చుట్టి కుడివైపు తోక వదులుతారు. కొందరు కుడి పక్కన కింద చిన్న వంపు పెట్టి ఊరుకుంటారు. మొదటిది రాయాలంటే చేతిలో ధైర్యం ఉండాలి. ఆ చుట్టు పక్క అక్షరం కిందికి ఎంత వరకు వెళ్తుందో ముందే లెక్క తెలియాలి. తోకను సాగదీసి మొత్తం పేరు కింద గీతగా లాగిన బోర్డులు కూడా కనిపిస్తాయి. అది ఒకప్పటి ఫ్యాషన్. నాకైతే ఇప్పటికీ ఇష్టమే.

'క్ష్మి' దగ్గర ఇంకాస్త ఎక్కువ సేపు ఆగండి. పైన గుడి, మధ్యలో క, దానికి అంటుకుని ష వత్తు, ఆ తర్వాత మ వత్తు. ఇంత సామాను ఒక్క అక్షరం జాగాలో పట్టాలి. రాసేవాడికి మూడే దారులు. అక్షరాన్ని మొత్తంగా కుదించడం ఒకటి. అప్పుడు 'లక్ష్మి'లో ల పెద్దగా, క్ష్మి బక్కగా కనిపిస్తాయి. మ వత్తును కుడి పక్కకు జరపడం రెండోది. కంప్యూటర్ ఫాంట్లు ఎక్కువగా చేసేది ఇదే. మూడోది, వత్తును ధైర్యంగా కిందికే దింపి, కింది లైనులో దానికి సరిగ్గా ఎదురుగా ఖాళీ వదలడం. పై లైనులో పేరు, కింది లైనులో 'కిరాణా & జనరల్ స్టోర్స్' అని ఉంటే, పైనుంచి వేలాడే వత్తు కింద గుడి లేని అక్షరమో, రెండు మాటల నడుమ సందో వచ్చేలా చూసుకుంటారు మంచి ఆర్టిస్టులు. అలాంటి బోర్డు కనబడితే రెండు లైన్లనూ కలిపి ఒకే బొమ్మగా చూడండి. రాయకముందే సుద్దముక్కతో అంతా వేసుకుని చూసుకున్నాడన్నమాట.

చేతి రాతా, కంప్యూటరా

తేల్చడం తేలిక. ఒకే బోర్డు మీద రెండుసార్లు వచ్చిన అక్షరాన్ని పట్టుకోండి. 'శ్రీ శ్రీనివాస'లో రెండు శ్రీలు ఉంటాయి కదా. రెండూ అచ్చు గుద్దినట్టు ఉంటే ఫాంటు. వెంట్రుకవాసి తేడా ఉన్నా చెయ్యి.

చేతి రాత అని తేలాక దగ్గరికి వెళ్ళండి. రేకు బోర్డు ఎలా తయారవుతుందో తెలిస్తే చూడడం సులువవుతుంది. ముందు రేకుకు బేస్ కోటు వేసి ఆరనిస్తారు. నూలుదారానికి సుద్దపొడి పట్టించి, రెండు చివరలూ బిగించి, మధ్యలో లాగి వదిలితే రేకు మీద గీత పడుతుంది. ఆ గీతల మధ్య సుద్దతో అక్షరాల ఆకారం వేసుకుని, చదును బ్రష్‌తో ఎనామిల్ నింపుతారు. చెయ్యి తడి రంగుకు తగలకుండా మణికట్టు కింద ఒక కర్ర ఆనించుకుంటారు. షేడ్ ఆఖర్న.

ఇప్పుడు తలకట్టు చూడండి. అది రెండు లాగుళ్ళ పని. చిన్నగా కిందికి ఒకటి, పొడుగ్గా పైకి ఒకటి. రెండూ కలిసే మూల దగ్గర రంగు కాస్త చిక్కగా ఉంటుంది, చివర బ్రష్ లేచిన చోట సన్నబడుతుంది. ప, స, ష, హ లాంటి అక్షరాల్లో తలకట్టు ఒంటికి అంటకుండా విడిగా ఉంటుంది. ఆ సందు ఎంత వదిలాడన్నది చెయ్యి తిరిగిన తనానికి మంచి పరీక్ష. మరీ వదిలితే తలకట్టు ఎగిరిపోతున్నట్టుంటుంది, మరీ దగ్గరైతే దూరం నుంచి ముద్దగా కనిపిస్తుంది. జ, బ, ల, ణలకు అసలు తలకట్టే లేదు. 'బాలాజీ' లాంటి పేరులో పై వరస ఎగుడుదిగుడుగా పోకుండా దీర్ఘాలతోనో, గుడిదీర్ఘంతోనో ఎలా సరిచేశాడో గమనించండి.

కుడివైపు కింది మూలలో చిన్నక్షరాలతో ఫలానా ఆర్ట్స్ అని, ఒక ఫోన్ నంబరూ ఉంటే ఫోటో తీసుకోవడం మరిచిపోవద్దు. అదే రాసినవారి సంతకం. ఒకే సంతకం నాలుగైదు వీధుల్లో దొరికితే, ఆ మనిషి అ ఎలా తిప్పుతాడో మీకు తెలిసిపోతుంది. తర్వాత సంతకం లేని బోర్డును కూడా ఇది ఫలానా ఆయనదే అని పోల్చుకోగలుగుతారు. ఈ సరదాలో అసలు మజా వచ్చేది అక్కడే.

సున్నతో పరీక్ష పెట్టండి

ఫ్లెక్స్ బోర్డుల దగ్గర ముందుగా సున్న చూడండి. కొట్టు వెడల్పు ఎక్కువ, పేరు చిన్నది అనుకోండి. డిజైన్ చేసే కుర్రాడు మౌస్‌తో అక్షరాలను అడ్డంగా లాగేస్తాడు. అప్పుడు సున్న కోడిగుడ్డు అవుతుంది. నిలువు గీతలు లావెక్కి, అడ్డ గీతలు సన్నగానే మిగిలిపోతాయి. చేత్తో రాసేవాడు కూడా అక్షరాలను వెడల్పు చేస్తాడు, ఇరుకూ చేస్తాడు. కానీ బ్రష్ మందం ఒకటే కాబట్టి గీత మందం మారదు. ఒకే వీధిలో ఈ రెండు రకాలూ పక్కపక్కన దొరికితే ఫోటో తీసి పెట్టుకోండి. ఎవరికైనా వివరించాలంటే ఆ ఒక్క ఫోటో చాలు.

ఫాంట్లను పేరుతో గుర్తుపట్టాలంటే కొంచెం ఇంటి పని చేయాలి. ఫ్లెక్స్ షాపుల్లో చాలాకాలంగా నడుస్తున్నవి అను ఫాంట్లు. ఇవి యూనికోడ్ (ఏ ఫోనైనా, కంప్యూటరైనా గుర్తుపట్టే అక్షరాల కోడు) కావు, ఒక్కో ఆకారానికి ఒక్కో మీట. యూనికోడ్‌లో ఉచితంగా దొరికేవి అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర విడుదల చేయించిన మండలి, రామభద్ర, సురవరం, గిడుగు, ధూర్జటి లాంటివి. రామభద్ర లావుగా, గీత మందం అంతటా ఒకేలా ఉంటుంది కాబట్టి బోర్డుల మీద త్వరగా దొరికిపోతుంది. బాలూ తమ్ముడు కూడా అంతే, బొద్దుగా ఉంటుంది. గూగుల్ ఫాంట్స్‌లో ఇవన్నీ తెరిచి, మీ ఇంటి పేరు టైప్ చేసి వరసగా చూడండి. ఆ సాయంత్రం ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద నిలబడితే తెలిసినవాళ్ళు పలకరించినట్టే ఉంటుంది.

బాపు రాతను వేరే చెప్పక్కర్లేదు. చిత్రకారుడు బాపు (1933–2014) చేతి రాత ఫాంట్లుగా మారి పెళ్ళి శుభలేఖల నుంచి పచ్చళ్ళ కొట్ల దాకా పాకింది. వాలుగా, విసురుగా ఉండే ఆ అక్షరం వేస్తే చాలు తెలుగుదనం వచ్చేసినట్టే అని ఒక నమ్మకం. ఆయన అవసరాన్ని బట్టి ఒక్కో అక్షరాన్ని ఒక్కోలా తిప్పేవారు. ఫాంట్‌లో అవన్నీ ఒకే తీరున వచ్చి పడతాయి. అందమైనదే, కానీ వాడకం మితిమీరిందని నా అభిప్రాయం.

ఇంగ్లీషు మాటల దగ్గర తప్పులు వెతకండి

బోర్డుల మీద తెలుగు అక్షరాలకు అసలు కష్టం తెచ్చిపెట్టేవి ఇంగ్లీషు మాటలే. 'ఎలక్ట్రికల్స్'లో క్ట్రి చూడండి. పైన గుడి, కింద ట వత్తు, దానికి తోడు క్రారావడి. మాట చివర పొల్లు పైకి లేస్తుంది. డాబా గార్డెన్స్, సూర్యాబాగ్ వైపు ఈ మాట ఎన్ని రకాలుగా రాశారో పోల్చుకుంటూ పోవచ్చు.

'ఎంటర్‌ప్రైజెస్' ఇంకా మంచి ఆధారం. చేత్తో రాసేవారు ర్‌కు విడిగా పొల్లు పెట్టి, పక్కన ప్రై రాస్తారు. యూనికోడ్‌లో మామూలుగా టైప్ చేస్తే మాత్రం యంత్రం ఆ రెండింటినీ కలిపేసి 'ఎంటర్ప్రైజెస్' చేస్తుంది. విడిగా ఉంచాలంటే మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు నొక్కాలి. ఆ గుర్తు సంగతి చాలామందికి తెలియదు. అందుకే బోర్డు మీద ర కింద ప వత్తు కనిపిస్తే, ఆ మాట ఫోన్లో టైప్ చేసి వాట్సాప్‌లో పంపిందేనని అనుకోవచ్చు. ఇంకో రకం తప్పు కూడా ఉంది. యూనికోడ్ అక్షరాలను సరిగ్గా కలపలేని పాత సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే వత్తులు విడిపోయి, పొల్లులు బయటపడి, ఒక్కోసారి గుడి కింద అక్షరం బదులు చుక్కల వృత్తం వచ్చేస్తుంది. అది అలాగే అచ్చయి, అలాగే కొట్టు మీదికి ఎక్కుతుంది. నవ్వు వస్తుంది గానీ, ఓనరు ముందు నవ్వకండి.

రెండు భాషల బోర్డుల్లో కొలతలు

ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 1988లో వచ్చింది. దాని నిబంధనల ప్రకారం పేరు బోర్డు తెలుగులో ఉండాలి, వేరే భాషలు వాడితే అవి తెలుగు కింద రావాలి. ఎంతమంది పాటిస్తున్నారో సిరిపురం వైపు ఒక చుట్టు తిరిగితే మీకే తెలుస్తుంది. మనం చూడాల్సింది ఇంకొకటి. తెలుగుకూ ఇంగ్లీషుకూ సమానంగా ఒక్కో అడుగు ఎత్తు ఇచ్చామంటారు. కానీ ఇంగ్లీషు అక్షరం ఆ అడుగు నిండా నిలబడుతుంది. తెలుగులో ఆ అడుగులోంచే గుడికీ వత్తుకూ జాగా పోయి, అసలు అక్షరం దాదాపు సగానికి తగ్గుతుంది. రోడ్డు అవతలి నుంచి చూస్తే తెలుగు బక్కచిక్కి కనబడేది అందుకే. ఇది తెలిసిన ఆర్టిస్టు తెలుగు వరసకు ఎక్కువ ఎత్తు అడిగి తీసుకుంటాడు.

విశాఖలో మూడో లిపి కూడా చూడండి. ఒడియా, హిందీ, బెంగాలీ. బీచ్ దగ్గర బెంగాలీ టూరిస్టుల కోసం వేసిన భోజన హోటళ్ళ బోర్డులు ఉంటాయి. హిందీ, బెంగాలీ అక్షరాలు పై గీతకు వేలాడతాయి. మనవి విడివిడిగా కూర్చుంటాయి. ఒకే బోర్డు మీద రెండూ ఉన్నప్పుడు రాసిన చెయ్యి ఏ లిపికి అలవాటు పడిందో ఇట్టే తెలుస్తుంది. పోలిక కోసం రైల్వే స్టేషన్‌లో పసుపు రంగు పేరు బోర్డు దగ్గర కాసేపు నిలబడండి. ఒకే పేరు తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో కనిపిస్తుంది.

వయసు కట్టడం

బోర్డు ఎప్పటిదో అక్షరాల కన్నా అంకెలు బాగా చెబుతాయి. ఫోన్ నంబరు ముందు 2 లేకుండా ఆరంకెలే ఉంటే, అది 2000ల తొలి ఏళ్ళకు ముందుదై ఉండాలి. ఎస్‌టీడీ కోడ్ 0891 వేసి ఏడంకెలుంటే ఆ తర్వాతది. 37తో మొదలయ్యే పొడవాటి జీఎస్టీ నంబరు ఉంటే 2017 జులై దాటిందే. ఇందులో ఒక తమాషా ఉంది. పాత రేకు బోర్డు మీద పేరు ఒకరి చెయ్యి, కింద జీఎస్టీ నంబరు ఇంకొకరి చెయ్యి. రంగు కూడా కలవదు. ఆ ఒక్క బోర్డే రెండు కాలాల రికార్డు.

విశాఖలో లెక్కలోకి తీసుకోవాల్సిన తేదీ ఇంకొకటి 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుపాను తీరం దాటిన రోజు. గంటకు దాదాపు 180 కిలోమీటర్ల గాలికి ఊళ్ళో హోర్డింగులు, బోర్డులు కాగితాల్లా ఎగిరిపోయాయి. ఆ తర్వాత కొత్తవి వేయించుకున్న కొట్లు ఎన్నో. అందువల్ల దానికి ముందు నాటి రేకు బోర్డు గోడకు ఇంకా అంటిపెట్టుకుని కనబడితే, ముందు దాన్ని బిగించిన ఇనప కమ్ములను చూడండి. తుపాను తర్వాత కొన్ని ప్రాంతాల్లో కరెంటు తీగలు భూమిలోకి వెళ్ళాయి. అక్కడ బోర్డులకు అడ్డం తగ్గింది, చూసేవారికి అదొక వరం.

ఉప్పుగాలి మాత్రం రోజూ పనిచేస్తూనే ఉంటుంది. రేకు అంచులు తుప్పు పట్టి రంగు పొరలుగా లేస్తుంది. విడివిడిగా కోసి అతికించిన అక్షరాల్లో ముందు రాలేవి చిన్న ముక్కలే, అంటే తలకట్లు, వత్తులు, సున్నలు. తలకట్టు రాలిన స కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు.

ఫ్లెక్స్ మీద నిషేధం ప్రకటించింది కూడా ఈ ఊళ్ళోనే. 2022 ఆగస్టు 26న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్‌రెడ్డి విశాఖ వేదిక మీది నుంచే ప్లాస్టిక్ ఫ్లెక్సీలను ఆపేస్తామన్నారు. తలెత్తి చూస్తే మిగతా కథ మీరే చెప్పుకోవచ్చు.

రాత్రి ఒకసారి, రేవులో ఒకసారి

జగదాంబ సెంటర్‌కు రాత్రి పూట ఇంకోసారి వెళ్ళండి. ఎల్ఈడీ వెలుగు గీతల నుంచి బయటికి చిందుతుంది కాబట్టి అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. పగలు చక్కగా ఉన్న భ, ఢ, థ రాత్రికి వెలుగు ముద్దలవుతాయి. కాస్త సన్నటి గీత ఎంచుకున్న బోర్డే దూరం నుంచి చదవడానికి వస్తుంది.

దుకాణాల బోర్డులతో ఆపకండి. చేతి రాత ఇంకా బతికున్న చోట్లు వేరే ఉన్నాయి. ఫిషింగ్ హార్బర్‌లో పడవల పేర్లు, గాజువాక ఆటోనగర్‌లో లారీ బాడీల మీది రాతలు తప్పకుండా చూడండి. పడవ ముందుభాగం వంపుగా ఉంటుంది. ఆ వంపు మీద అక్షరాలు తిన్నగా ఉన్నట్టు కనబడాలంటే కొంచెం వాలుగా రాయాలి. ఒకసారి పక్కకు వచ్చి, ఇంకోసారి ఎదురుగా నిలబడి చూస్తే ఆ కిటుకు అర్థమవుతుంది.

మాట కలపండి

ఫోటో తీసే ముందు కొట్లో ఉన్నవారిని అడగండి. అడక్కుండా బోర్డుకు ఫోన్ ఎత్తారో, "ఏటండీ, ఫోటోలు తీస్తన్నారు? జీవీఎంసీ నుంచొచ్చారేటి?" అని వెంటనే వస్తుంది. జీవీఎంసీ అంటే ఊరి నగరపాలక సంస్థ. పన్ను కోసం కొలతలు తీస్తున్నారని భయం. "అక్షరాలు బాగున్నాయండీ, ఎవరు రాశారు?" అంటే ముఖం మారిపోతుంది. చాలాసార్లు రాసిన ఆర్టిస్టు పేరూ, ఎక్కడ కూర్చుంటాడో కూడా చెబుతారు. వెళ్ళి కలవండి. ఎనామిల్ ఎన్ని గంటల్లో ఆరుతుంది, ఏ అక్షరం రాయడం కష్టం, పేరు ఇమడకపోతే ఏం చేస్తారు, ఇలాంటివి అడగండి. కళ గురించి అడిగితే మొహమాటపడతారు. పని గురించి అడిగితే టీ తాగుతూ గంట మాట్లాడతారు.

ఇంటికొచ్చాక ఫోటోలను వీధి పేరుతో, తేదీతో సేవ్ చేసుకోండి. మళ్ళీ వెళ్ళేసరికి ఆ బోర్డు ఉంటుందన్న గ్యారంటీ లేదు.

మీరే బోర్డు వేయించుకుంటే

ఇంత చూశాక మీకో, మీ బావగారికో కొట్టు బోర్డు కావాల్సి వస్తే ఫ్లెక్స్ షాపులో గట్టిగా చెప్పండి: అక్షరాలు అడ్డంగా లాగొద్దు, జాగా మిగిలితే మిగలనీ. వత్తులున్న లైనుకూ కింది లైనుకూ మధ్య ఎడం పెంచమనండి. డిజైన్‌ను మీ ఫోన్‌లో చిన్నగా చేసి చెయ్యి చాచి చూడండి, అప్పుడు కూడా వత్తు చదవగలిగితే సరే. డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రాలో అక్షరాలను కర్వ్స్‌గా (టైప్ చేసి దిద్దలేని గీతల బొమ్మలుగా) మార్చకముందే ప్రూఫ్ చదవండి, మార్చాక దిద్దడం తలనొప్పి. మీరు చదివాక ఇంకొకరి చేత కూడా చదివించండి. ఫ్లెక్స్‌కు చదరపు అడుగుల లెక్కన తీసుకుంటారు, తప్పున్న అడుగుకు తగ్గింపు ఇవ్వరు.